విజార్డ్ ఒక్కడే ఆడుతున్నాడు, మిగతా ముగ్గురూ చూస్తున్నారు

అర్ధరాత్రి డీఎం (ప్రశ్న)

నమస్కారం అండీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కథ నడిపే టేబుల్ ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం, 2014 రూల్స్. డీఎంని, అంటే కథ నడిపి శత్రువుల్ని ఆడించేవాణ్ణి, నేనే. ఆటగాళ్లు నలుగురు: ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (వైద్యం చేసే పూజారి), విజార్డ్ (మంత్రగాడు). అందరూ ఏడో లెవల్. నాలుగో లెవల్ దాకా ఏ గొడవా లేదు. ఐదు దాటినప్పటి నుంచి ఆట మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది.

పోయిన సెషన్ సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. లోయ మీద వంతెన తెగిపోయి ఉంది. అవతలి ఒడ్డున కోట గేటు. ఫైటర్ ఆడే అతను ఆ రోజు మంచి ఊపు మీదున్నాడు. కాగితం తీసి బొమ్మ గీశాడు. ఇక్కడ మేకు కొడదాం, తాడు నా నడుముకి కట్టండి, ముందు నేను దిగుతా, రోగ్ బాణానికి సన్న తాడు కట్టి అవతలి స్తంభానికి కొడతాడు... ఇరవై నిమిషాలు ఇదే. రోగ్ కూడా కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. నేను లోలోపల డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 15 అనుకుని, జారితే ఎక్కడ పడాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

అంతలో విజార్డ్ తన షీట్ మీంచి తలెత్తి, "ఫ్లై మంత్రం వేసుకుని వెళ్లి తాడు కట్టేసి వస్తా" అన్నాడు.

అయిపోయింది. ఒక్క పాచిక కదల్లేదు. ఫైటర్ ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి డైస్ డబ్బా కింద దూర్చాడు. అతను గొడవపడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

గేటు వెనకాల నాలుగు ఓగర్లని (భారీ రాక్షసుల్ని) పెట్టాను, కనీసం అక్కడైనా ఫైటర్‌కి పని దొరుకుతుందని. మొదటి రౌండ్లోనే విజార్డ్ హిప్నాటిక్ ప్యాటర్న్ వేశాడు. మూడు ఓగర్లు నోరు తెరుచుకుని గాల్లో రంగులు చూస్తూ నిలబడిపోయాయి. మిగిలిన ఒక్కదాన్నీ నలుగురూ కలిసి కొట్టారు. తర్వాత నిలబడ్డ వాటిని ఒక్కొక్కటిగా. అది యుద్ధంలా లేదు, ఇల్లు సర్దుతున్నట్టుంది.

ఇప్పటిదాకా నేను చేసిన తెలివైన పనులు ఇవీ. ఫైర్‌బాల్ మంత్రం దెబ్బని 8డీ6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది) నుంచి 6డీ6కి తగ్గించాను. విజార్డ్ అలిగాడు, సరే అని ఫైర్‌బాల్ పక్కన పెట్టి రోజూ హిప్నాటిక్ ప్యాటర్న్ సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాడు. అంటే నేనే చేజేతులా అతనికి మంచి మంత్రం చూపించానన్నమాట. తర్వాత శత్రువుల హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) పెంచాను. దాంతో ఫైటర్‌కి ఒక్కో ఓగర్‌ని పడగొట్టడానికి మూడు రౌండ్లకి బదులు నాలుగు పడుతోంది. ప్యాటర్న్‌కి హిట్ పాయింట్లతో పనే లేదు కదా. చివరికి ఫైటర్‌కి ప్లస్ 2 కత్తి ఇచ్చాను. థాంక్స్ అన్నాడు. కాగితం మాత్రం డబ్బా కిందే ఉంది.

మంత్రాలకి కోత పెట్టాలా? సిస్టమ్ మార్చాలా? దయచేసి "ఆ విజార్డ్‌తో మాట్లాడండి" అని మాత్రం చెప్పకండి. మాట్లాడాను. మంచి మనిషి, పుస్తకంలో రాసిందే చేస్తున్నాడు.

పాత పాచికలు

ముందు ఒక్క ప్రశ్న. మీ ఆటలో ఒక లాంగ్ రెస్ట్‌కీ (రాత్రి నిద్ర) ఇంకో లాంగ్ రెస్ట్‌కీ మధ్య ఎన్ని పోరాటాలు జరుగుతాయి? మీరు జవాబు రాసేలోపు నేను ఊహించి చెబుతా: ఒకటి. మహా అయితే రెండు.

అదే నిజమైతే జబ్బు మంత్రాల్లో లేదు. లెక్క చూడండి. ఏడో లెవల్ విజార్డ్‌కి స్లాట్లు, అంటే రోజుకి వేయగల మంత్రాల కోటా, ఒకటో లెవల్ మంత్రాల నుంచి నాలుగో లెవల్ దాకా వరసగా 4, 3, 3, 1. మొత్తం 11. షార్ట్ రెస్ట్‌లో (గంట విరామం) ఆర్కేన్ రికవరీ అనే విజార్డ్ సామర్థ్యంతో ఇంకో నాలుగు లెవల్స్ విలువైన స్లాట్లు వెనక్కి వస్తాయి. ఒక పోరాటం మూడు, నాలుగు రౌండ్లు సాగుతుంది. అంటే అతను రోజుకి మూడు, నాలుగు మంత్రాలు వేస్తే చాలు, అవి కూడా తన దగ్గరున్న వాటిలో పెద్దవే. మిగతా ఏడెనిమిది స్లాట్లు ఉత్త చిల్లర. లోయ కనబడితే ఫ్లై, తలుపు కనబడితే నాక్. ఎందుకు వేయడు? జేబులో డబ్బు ఉండి, రాత్రికి అది చెల్లకుండా పోతుందని తెలిస్తే ఎవరైనా ఖర్చు పెట్టేస్తారు.

2014 డీఎం గైడ్ ఊహించుకున్న రోజు వేరు. మీడియం లేదా హార్డ్ పోరాటాలు ఆరు నుంచి ఎనిమిది, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు. క్లాసుల తూకం అంతా ఆ రోజు మీద వేసిందే. ఆరు పోరాటాల మీద 11 స్లాట్లు పంచితే ఒక్కోదానికి రెండు కూడా రావు. అప్పుడు లోయ దగ్గర ఫ్లై వేయడమంటే కోటలో ఒక హిప్నాటిక్ ప్యాటర్న్‌ని వదులుకోవడమే, ఎందుకంటే రెండూ మూడో లెవల్ స్లాట్లే, ఉన్నవి మూడే. "తాడు ప్లాన్ బాగానే ఉంది, కానిద్దాం" అని విజార్డే అంటాడు. ఫైటర్ సంగతి దీనికి తలకిందులు. అతని యాక్షన్ సర్జ్ (ఒక వంతులో అదనంగా ఇంకో యాక్షన్), సెకండ్ విండ్ (కొంత ప్రాణం తిరిగి తెచ్చుకోవడం) షార్ట్ రెస్ట్‌తోనే తిరిగొస్తాయి. రోజుకి ఒక్క పోరాటం ఉంటే అతని యాక్షన్ సర్జ్ ఒక్కటే. రెండు షార్ట్ రెస్ట్‌లు ఉంటే మూడు. మీరు తెలియకుండా విజార్డ్‌కి జీతం పెంచి ఫైటర్‌కి కోసేశారు.

ఇక ఫైర్‌బాల్. మీరు కోసింది సరిగ్గా కోయకూడనిదాన్ని. మీ ఓగర్ల మీదే వేసి చూద్దాం. ఓగర్‌కి 59 హిట్ పాయింట్లు. 8డీ6 సగటు 28. మీ విజార్డ్ ఇంటెలిజెన్స్ 18 అనుకుంటే సేవ్ (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) డీసీ 15. ఓగర్ డెక్స్ (చురుకుదనం) సేవ్‌కి మైనస్ 1, కాబట్టి నాలుగింట మూడుసార్లు తప్పుతుంది. సేవ్ చేసినప్పుడు తగిలే సగం డ్యామేజ్ కూడా కలిపితే ఒక్కో ఓగర్‌కి సగటున 24న్నర. ఒక్కటీ చావదు. నాలుగూ కాలిన ఒళ్లుతో, మంచి కోపంతో మీదికొస్తాయి. అప్పుడు వాటికి అడ్డం నిలబడేది ఎవరు? ఫైటరే. ఫైర్‌బాల్ నలుగురూ కలిసి ఆడే మంత్రమండీ.

హిప్నాటిక్ ప్యాటర్న్ అలా కాదు. ఓగర్ విజ్డమ్ సేవ్‌కి మైనస్ 2. డీసీ 15 మీద 80 శాతం తప్పుతుంది. నాలుగింటిలో మూడు పోయినట్టే, గరిష్ఠంగా ఒక నిమిషం పాటు, అంటే పది రౌండ్లు. అదే పది రౌండ్లలో ఫైటర్ ఏం చేస్తాడు? గ్రేట్‌స్వోర్డ్, స్ట్రెంగ్త్ 18, రెండు దెబ్బలు, ఓగర్ ఏసీ (దెబ్బ తగలడానికి అందుకోవాల్సిన అంకె) 11. సగటున రౌండ్‌కి 19 చిల్లర. ఒక ఓగర్‌కి మూడు పైచిలుకు రౌండ్లు. డ్యామేజ్ గొడవలో ఫైటర్ మరీ తీసిపోలేదు. అసలు డ్యామేజే అడగని మంత్రం ముందు అతని లెక్కలకి అర్థం లేకుండా పోతోంది, అంతే. మీరు హిట్ పాయింట్లు పెంచిన కొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది, మీరే చూశారు.

మరి దానికి విరుగుడు పుస్తకంలోనే ఉంది, మంత్రం నిలవాలంటే వేసినవాడి ఏకాగ్రత చెదరకూడదు. కాన్సంట్రేషన్. దెబ్బ తగిలినప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ సేవ్, డీసీ 10 లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. విజార్డ్‌కి ప్లస్ 2 ఉంటే మామూలు బాణానికి నిలబడే అవకాశం 65 శాతం. రెండు బాణాలు తగిలితే 42. మీ ఓగర్ల వెనక ఇద్దరు విలుకాళ్లు లేరు. నాలుగు ఓగర్లు ఒక గుంపుగా, ముప్ఫై అడుగుల ఘనంలో చక్కగా పట్టేలా నిలబడ్డాయి. ఫొటోకి నిలబడ్డట్టు.

కొంచెం పాత కథ చెప్పనివ్వండి, వయసు మీద పడింది. 1981 బేసిక్ సెట్‌లో మంత్రగాడికి మొదటి లెవల్లో ఒక్క మంత్రం, డీ4 ప్రాణం. పిల్లి గీరినా పోయేవాడు. రెండో లెవల్‌కి ఎక్కాలంటే 2,500 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి, ఫైటర్‌కి 2,000 చాలు, దొంగకి 1,200. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అయితే మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే మంత్రం చెడిపోయేది, స్లాట్ కూడా పోయేది. పై లెవల్స్‌లో విజార్డ్ దేవుడే, కాదనను. కానీ అక్కడిదాకా బతికి వెళ్లాలి. 2000లో మూడో ఎడిషన్ వచ్చి అందరికీ ఒకే ఎక్స్‌పీ పట్టిక పెట్టింది. మంత్రం చెడకుండా కాపాడుకునే చెక్ ఇచ్చింది, వాండ్లు, స్క్రోళ్లు సొంతంగా చేసుకోనిచ్చింది. ఒక్కొక్క మార్పూ విడిగా చూస్తే న్యాయంగానే ఉంది. తక్కెడలో విజార్డ్ వైపు బరువులు అలాగే ఉంచి, అవతలి రాళ్లు ఒక్కొక్కటే తీసేశారు. ఐదో ఎడిషన్ కాన్సంట్రేషన్ రూపంలో ఒక పెద్ద రాయి తిరిగి పెట్టింది. మీరు దాన్ని వాడటం లేదు.

కాబట్టి మంత్రాల జోలికి వెళ్లకండి. రోజుని పొడిగించండి. ఫైర్‌బాల్‌ని 8డీ6కి తిరిగి ఇచ్చేయండి, ఇవాళే.

అర్ధరాత్రి డీఎం

దొరికిపోయాను. ఒకటే పోరాటం. మాకు సెషన్‌కి మూడున్నర గంటలు, అందులో ఒక పోరాటానికే గంటన్నర పోతుంది. సెషన్ చివర్లో "పడుకుంటాం" అంటారు, నేను సరే అంటాను. ఆరు పోరాటాలు ఎక్కడ పెట్టను?

పాత పాచికలు

సెషన్ ముగిస్తే రోజు ముగియాలని ఎక్కడుంది? షీట్ మీద మిగిలిన స్లాట్లు, హిట్ పాయింట్లు రాసుకోమనండి. వచ్చేసారి అక్కణ్ణించే. ఒక రోజు మూడు సెషన్లు నడవనివ్వండి. ఆరు కూడా అక్కర్లేదు, నాలుగు చాలు. అన్నీ గంటన్నర యుద్ధాలు కానక్కర్లేదు. స్లాట్ ఖర్చయ్యేదేదైనా లెక్కలోకే వస్తుంది.

ఇనుప కవచం

పాత పాచికలు గారి లెక్కలకి దండం. కానీ ఒక ముక్క వదిలేశారు. నేను ఆరేళ్లుగా ఫైటర్లే ఆడుతున్నాను, కాబట్టి ఆ మడతపెట్టిన కాగితం వైపు నుంచి మాట్లాడతా.

డ్యామేజ్ ఎవడిక్కావాలి అన్నా. నా వంతు వస్తుంది, కొడతాను, తగులుతుంది, 11 అంటాను, నువ్వు రాసుకుంటావు. ఇంకోసారి కొడతాను. ప్లస్ 2 కత్తి ఇస్తే 13 అంటాను. బోర్ కొట్టేది అంకె చిన్నదై కాదు. కత్తి ఒరలో ఉన్న గంటా గంటన్నరా నేను అక్కడ ఎందుకున్నానో తెలియకపోవడం. విజార్డ్ "జరిగింది" అని చెప్పగలడు. నేను "జరుగుతుందా?" అని అడగాలి. తేడా అంతా ఆ ప్రశ్నార్థకంలోనే ఉంది. అతను ఫ్లై వేస్తే పాచిక వేయక్కర్లేదు, ఎగురుతాడు. నేను ఎక్కుతానంటే నువ్వు అథ్లెటిక్స్ పాచిక అడుగుతావు, ప్లస్ 7 ఉన్నా డీసీ 15 మీద మూడింట ఒకసారికి పైగా జారి పడతాను. అందరూ నవ్వుతారు.

మా డీఎం చేసినవి రెండు. మొదటిది, నా బలానికి పాచిక అడగడం తగ్గించాడు. కొండ ఎక్కడం, తలుపు బద్దలుకొట్టడం, స్పృహలేని వాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తడం, ఇవన్నీ ప్రాణాపాయం లేకపోతే "అయింది" అనేస్తాడు. విజార్డ్ స్లాట్ ఖర్చుపెట్టి చెప్పే మాట నేను ఊరికే చెబుతాను. రెండోది ఇంకా చిన్నది. ఏదైనా కొత్త సైన్యం, కొత్త గార్డులు ఎదురైతే నా చేతికి ఒక చీటీ ఇస్తాడు. ఒకసారి "ఎడమవైపు వాడు కత్తి పట్టిన తీరు చూస్తే వాడికి కుడి మోకాలు బాగోలేదు" అని రాశాడు. అంతే. ఆ చీటీ పట్టుకుని ఆ సెషన్ మొత్తం నేనే నడిపాను. మిగతావాళ్లు నన్ను అడుగుతున్నారు, "వీళ్లలో నాయకుడెవడు?" అని. విజార్డ్‌కి ఆర్కేనా (మంత్రవిద్య) ఉన్నట్టే నాకు యుద్ధం అనే చదువు ఉంది కదా.

2024 రూల్స్‌లో దీన్ని కొంచెం పట్టించుకున్నారు. ఫైటర్‌కి రెండో లెవల్లో టాక్టికల్ మైండ్ వస్తుంది: ఎబిలిటీ చెక్ తప్పితే సెకండ్ విండ్ ఒకటి వాడి డీ10 కలుపుకోవచ్చు, అయినా తప్పితే ఆ సెకండ్ విండ్ ఖర్చు కాదు. ఆయుధాలకి మాస్టరీలు కూడా ఇచ్చారు, ఒకటి తోస్తుంది, ఒకటి పడగొడుతుంది. మొత్తం పుస్తకం మార్చక్కర్లేదు, ఈ రెండు తెచ్చి మీ 2014 ఆటలో అతికించండి.

ఇంకో సంగతి, తోసేయడం 2014లో కూడా ఉంది. ఒక దెబ్బకి బదులు షవ్. నీ ఫైటర్ ఎప్పుడైనా వాడాడా? వాడి ఉండడు. ఎందుకంటే నువ్వు తోయడానికి ఏమీ పెట్టలేదు. చదునైన గది, మధ్యలో నాలుగు ఓగర్లు. అంచులు పెట్టన్నా. మెట్లు పెట్టు, బావి పెట్టు.

పొడుగు టోపీ

అందరూ కలిసి విజార్డ్‌ని బోనులో నిలబెట్టారు కాబట్టి వాడి తరఫున నేనొచ్చాను. నేను విజార్డ్ తప్ప ఇంకేదీ ఆడను.

మా పాత డీఎం ఒకాయన మీలాగే చేశారు. సెషన్ మధ్యలో, నేను మంత్రం పేరు చెప్పాక, "ఇవాళ్టి నుంచి ఇది ఇలా పనిచేయదు" అన్నారు. చాలా చిన్నతనంగా అనిపించింది. తగ్గించాలంటే తగ్గించండి, కానీ లెవల్ పెరిగినప్పుడో కథ మలుపులోనో, ముందే చెప్పి, కావాలంటే ఇంకో మంత్రం ఎంచుకోనిచ్చి తగ్గించండి.

మీ విజార్డ్ ఎందుకు ప్రతిదానికీ ముందుకొస్తున్నాడో నాకు తెలుసు. ఇరవై నిమిషాలు ఒక తాడు గురించి చర్చ సాగితే, నా చేతిలో జవాబు ఉంటే, చెప్పకుండా కూర్చోవడం నటనలా అనిపిస్తుంది. నా విజార్డ్‌కి ఇంటెలిజెన్స్ 18 కదా! అతనికి ఆగడానికి ఒక కారణం కావాలి. స్లాట్లు కొరతగా ఉంటే ఆ కారణం తనంతట అదే వస్తుంది. అందుకే రోజు పొడిగించమన్న మాటకి నా ఓటు.

కానీ కొందరు డీఎంలు ఇక్కడే అతి చేస్తారు. గైడ్‌లో గ్రిట్టీ రియలిజం అని ఒక మార్పు ఉంది: షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు. దాన్ని పెట్టాలనిపిస్తే మంత్రాల వ్యవధులు కూడా చూసుకోండి. మేజ్ ఆర్మర్ (మంత్రకవచం) 8 గంటలే పనిచేస్తుంది. రోజుకొకసారి వేసుకుంటూ పోతే నాలుగు ఫస్ట్ లెవల్ స్లాట్లూ నాలుగు రోజుల్లో దానికే సరి. వారం చివర నేను పైజామాతో యుద్ధానికి వెళ్లాలి. నేను ఆ ఆట నుంచి మూడో సెషన్‌కే బయటికొచ్చేశాను.

ఇంకోటి, టైనీ హట్ (మంత్రపు గుడారం). మీరు రోజు పొడిగించిన మరుక్షణం మావాడు దాన్ని తీస్తాడు, నేనైతే తీస్తా. రిచువల్‌గా (తీరిగ్గా, ఎక్కువసేపు తీసుకుని) వేస్తే స్లాట్ ఖర్చు లేదు, 11 నిమిషాలు, ఎనిమిది గంటలు గుడారంలో హాయిగా నిద్ర, బయటివాడు లోపలికి రాలేడు. నిషేధించకండి. గుడారం శత్రువుని ఆపుతుంది, కాలాన్ని ఆపదు. వాళ్లు పడుకున్న ఎనిమిది గంటల్లో కోటవాళ్లు ఏం చేస్తారో అది చేయించండి. ఖైదీని ఇంకోచోటికి మార్చేస్తారు. గుడారం చుట్టూ రాళ్లు పేర్చి, విలుకాళ్లని నిలబెట్టి, తెల్లారేదాకా ఎదురుచూస్తారు. నా మీద ఒకసారి ఇది చేశారు. తిట్టుకున్నాను, ఇప్పటికీ ఆ కథ చెబుతుంటాను.

మంత్రాలకి ఉన్న ఖర్చులు కూడా వదిలేయకండి. నాక్ వేస్తే తాళం తెరుచుకుంటుంది, ఆ చప్పుడు 300 అడుగుల దాకా వినబడుతుంది. మీ రోగ్ చేస్తే చీమకి కూడా తెలియదు. ఛార్మ్ పర్సన్ (మనిషిని మచ్చిక చేసుకునే మంత్రం) దిగిపోయాక తన మీద మంత్రం వేశారని ఆ మనిషికి తెలుస్తుంది. సభలో సజెషన్ (చెప్పింది చేయించే మంత్రం) వేయాలంటే నోరు తెరిచి మంత్రం చదవాలి, పక్కనున్న గార్డులకి చెవులున్నాయి. ఇవేవీ హౌస్ రూల్స్ కావు, పుస్తకంలో ఉన్నవే. మా విజార్డులం ఆ వాక్యాల్ని మీకు చదివి వినిపించం, అంతే.

మీ విజార్డ్‌కి ఒకసారి హేస్ట్ సిద్ధం చేసుకోమని చెప్పి చూడండి. ఫైటర్ మీద వేస్తే ఏసీ ప్లస్ 2, రెట్టింపు వేగం, అదనంగా ఒక దెబ్బ. కాన్సంట్రేషన్ పోతే మాత్రం ఫైటర్‌కి ఒక వంతు పోతుంది, అందుకని అతనే విజార్డ్‌ని కాపాడటానికి పరిగెత్తుకొస్తాడు. మా ఆటలో ఫైటర్‌కీ నాకూ స్నేహం అలాగే కుదిరింది.

మూడు యాక్షన్లు

పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట) రెండో ఎడిషన్‌కి వచ్చేయండి, ఇవన్నీ 2019లోనే తేల్చేశారు. ఇన్‌కెపాసిటేషన్ ట్రెయిట్ (శత్రువుని ఒక్కసారిగా పోరాటంలోంచి తప్పించే మంత్రాలకి ఉండే గుర్తు) ఉన్న మంత్రం వేస్తే, ఎదుటివాడి లెవల్ మంత్రం ర్యాంక్‌కి (మంత్రపు లెవల్‌కి) రెట్టింపు కన్నా ఎక్కువైతే, వాడి సేవ్ ఫలితం ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఒక్క మంత్రంతో పెద్ద విలన్‌ని నిద్రపుచ్చడం కుదరదు. బదులుగా, శత్రువు సేవ్ చేసినా చాలా మంత్రాలు ఎంతోకొంత పనిచేస్తాయి. స్లో వేస్తే, సేవ్ చేసినవాడు కూడా ఒక రౌండ్‌కి ఒక యాక్షన్ పోగొట్టుకుంటాడు.

పాత పాచికలు

మంచి ఆటే, కాదనను. అక్కడ ఫిర్యాదు తిరగబడుతుంది, అంతే: "నా విజార్డ్ విలన్ మీద ఏం వేసినా సగమే పనిచేస్తోంది" అని. 2008లో నాలుగో ఎడిషన్ అన్ని క్లాసులకీ ఒకే చట్రం ఇచ్చింది, ఎప్పుడైనా వాడేవి, పోరాటానికోసారి వాడేవి, రోజుకోసారి వాడేవి. తూకం బ్రహ్మాండంగా కుదిరింది. అందరూ ఒకేలా ఉన్నారని జనం గోల పెట్టారు. ఈయన సమస్య గోటితో పోయేది, ముందు గోరు వాడి చూడనివ్వండి.

అర్ధరాత్రి డీఎం

అందరికీ థాంక్స్. రెండు సెషన్లు ఆడి వచ్చి రాస్తున్నాను.

ముందు ఫైర్‌బాల్ తిరిగి ఇచ్చేశాను, సారీ చెప్పి. విజార్డ్ నవ్వి "అయినా ప్యాటర్నే బాగుంది" అన్నాడు. నాకు తగినదే.

కోట లోపల కథ పెట్టాను. తెల్లవారితే ఖైదీకి ఉరి. రాత్రి ఉన్నది ఎనిమిది గంటల కన్నా తక్కువ, కాబట్టి లాంగ్ రెస్ట్ మాట ఎవరూ ఎత్తలేదు. విజార్డ్ ఒకసారి గడియారం లెక్క అడిగి, టైనీ హట్ అని ఏదో గొణిగి, ఊరుకున్నాడు. నాలుగు పోరాటాలు, రెండు షార్ట్ రెస్ట్‌లు. మొదటి సెషన్ రెండో పోరాటం మధ్యలో ఆగింది, అందరూ మిగిలిన స్లాట్లు రాసుకుని ఇంటికెళ్లారు.

మొదటి పోరాటంలో విజార్డ్ అలవాటు ప్రకారం దర్జాగా రెండు పెద్ద మంత్రాలు వేసేశాడు. రెండో పోరాటం మెట్ల దగ్గర. ఐదుగురు గార్డుల మీద ప్యాటర్న్ వేస్తే నలుగురు ఆగిపోయారు. పైన వసారాలో విలుకాడు ఉన్నాడు, ఈసారి మర్చిపోలేదు. మొదటి బాణానికి విజార్డ్ 12 వేశాడు, నిలబడ్డాడు. రెండోదానికి 4. ప్లస్ 2 కలిపినా 6. టేబుల్ మీద ఎవరూ మాట్లాడలేదు. నలుగురూ ఒక్కసారిగా కళ్లు నులుముకుని కత్తులు తీశారు.

అప్పుడు ఫైటర్ నన్ను అడిగాడు, "ఈ మెట్లకి పక్కన గోడ ఉందా?" లేదన్నాను. "ఎంత ఎత్తు?" ముప్ఫై అడుగులన్నాను. మిగతాది మీరే ఊహించుకోండి. ఒక దెబ్బకి బదులు షవ్, ఇంకో దెబ్బకి బదులు ఇంకో షవ్, యాక్షన్ సర్జ్, మళ్లీ రెండు. నాలుగు ప్రయత్నాల్లో ముగ్గురు కిందికి. ఏడాదిలో మొదటిసారి విజార్డ్ ఆడే అతను లేచి నిలబడి చూశాడు.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. మూడో పోరాటం బరువు నేను తప్పు వేశాను. ఇన్నాళ్లూ ఫుల్ స్లాట్లతో వచ్చే గుంపుకి అలవాటు పడి, అలసిపోయిన గుంపు మీద కూడా అంతే వేశాను. క్లెరిక్‌కి స్లాట్లన్నీ అయిపోయాయి, రోగ్ సున్నాకి పడి రెండు డెత్ సేవ్‌లు (చావు తప్పించుకునే పాచికలు) తప్పాడు. నాకు టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. హీలర్స్ కిట్ ఉందని ఫైటర్‌కే గుర్తొచ్చి వెళ్లి నిలబెట్టాడు. ఇంకొక రౌండ్ అయ్యుంటే ఇవాళ వేరే ప్రశ్న రాసేవాణ్ణి.

చివరి తలుపు దగ్గర విజార్డ్‌కి మిగిలింది ఫస్ట్ లెవల్ స్లాట్ ఒక్కటి. నాక్ లేదు. ఉన్నా వేసేవాడు కాదంటున్నాడు, లోపల కాపలావాళ్లు ఉన్నారు కదా అని. రోగ్ మూడోసారికి తాళం తీశాడు. చీటీల ఐడియా కూడా వాడాను. ఒక్కటే ఇచ్చాను, ఉరితీసేవాడు ఎడమచేతి వాటం అని. దానితో ఫైటర్ ఏం చేశాడో రాయాలంటే ఇంకో పేజీ కావాలి.

నచ్చనిది ఒకటుంది. విలుకాణ్ణి ప్రతి గదిలోనూ పెట్టలేను, పెడితే అది విజార్డ్ మీద పగలా ఉంటుంది. అతను ఇప్పటికే "ఈ గదిలో వసారా ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు. పైగా ఇంకో రెండు లెవల్స్‌లో తొమ్మిదికి వస్తారు. వాల్ ఆఫ్ ఫోర్స్ (కనిపించని గోడ లేపే మంత్రం) గురించి చదివాను. దానికి సేవ్ కూడా లేదా?

పాత పాచికలు

లేదు. ఏ డ్యామేజ్ తగిలినా చెక్కుచెదరదు, డిస్పెల్ మ్యాజిక్ (వేరే మంత్రాన్ని రద్దు చేసే మంత్రం) పనిచేయదు. డిసింటిగ్రేట్ మంత్రం ఒక్కటే దాన్ని బద్దలుకొడుతుంది. కానీ అది కూడా కాన్సంట్రేషనే, పది నిమిషాలు. విజార్డ్ గోడకి ఏ వైపున్నాడో చూడండి.

పొడుగు టోపీ

ఆ చివరి వాక్యం మీ విజార్డ్ కంట పడనివ్వకండి.